మన్ను పాట ఎవరి మీద

బెంగళూరు
9 ఫిబ్రవరి 2025

ఇంద్రాణి అత్తకు,

ముందే చెప్తున్నాను, ఈసారి జాబు పొడుగు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చో.

మా బ్యాండు క్యాసెట్టు తెస్తోంది. నవ్వొద్దు. ఈ కాలంలో క్యాసెట్టు ఎవరు వింటారని మా ల్యాబులో ఇప్పటికే నవ్వినారు. పగలంతా జనం రక్తం సీసాల్లో పెట్టి పరీక్ష చేసే పిల్ల, సాయంత్రం కాగానే మైకు పట్టుకుని అరుస్తుందంటే వాళ్ళకు ఎటూ వింతే. మేం చేసేదాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. పాట నిమిషం ఉంటే ఎక్కువ. రాగం ఉండదు, సాగదీయడం ఉండదు. లోపల ఉన్న కోపమంతా గొంతు చిరిగేట్టు అరిచి స్టేజీ దిగిపోవడమే. డ్రమ్ములు ప్రభు, గిటారు కనిమొళి, అరుపు నేను.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ మోతలో ఒక్క మాట కూడా ఎవరికీ అర్థం కాదు. అందుకని క్యాసెట్టు లోపల ఒక కాగితం మడిచి పెడతారు. పాట మాటలు, అది ఎందుకు పుట్టింది, ఎవరి మీద కోపంతో పుట్టింది, అన్నీ దాంట్లో వేస్తారు. ఈ పాటలు వినేవాళ్ళకు ఆ కాగితమే ప్రాణం. ఇంటికి పోయి తలుపేసుకుని అది చదువుతూ మళ్ళీ వింటారు. పాట వాళ్ళకు నిజంగా చేరేది అప్పుడే.

నేను పాడేది మన ఇంటి తెలుగులో కాబట్టి కాగితం కూడా తెలుగు అక్షరాల్లోనే ఉండాలని పట్టుబట్టినాను. తమిళంలో రాస్తే చాలదా అని కనిమొళి అడిగింది. చాలదన్నాను. తమిళనాడులో పుట్టినా మన ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, అక్షరం మాత్రం నీకు తప్ప ఒక్కరికీ రాదు. సెలవుల్లో నువ్వు పలక పెట్టి కూర్చోబెట్టబట్టి నాకు వచ్చింది. అందుకే కదా మనం ఇంకా జాబులు రాసుకుంటున్నాం. నాయన చేతికి చిక్కినా ఆయనకు ఇది పేపరు ముక్కే.

మూడు పాటలకు కథలు రాసినాను. తప్పులుంటే దిద్దు.

మొదటిది 'నిలవని బస్సు'. మారండహళ్ళి నుంచి హోసూరు కంపెనీలకు పోయే ఆడపిల్లలు రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడితే, చూసి కూడా ఆపకుండా పోయే డ్రైవరు మీద. డిప్లొమా చదివేటప్పుడు ఆ దుమ్ము నేనూ తిన్నాను.

రెండోది 'రెండు నోళ్ళు'. ఇంట్లో ఒక నోరు, వీధిలో ఒక నోరు. బడిలో నన్ను తెలుగు పిల్ల అన్నారు. తిరుపతిలో అంగడాయన నా తెలుగు విని తమిళంలో బదులు చెప్పినాడు. నేనెవరిదాన్నో చెప్పండని అరిచే పాట.

మూడోది 'మన్ను'. ఇది నీ పాట అత్తా. కథ ఇట్లా రాసినాను: 'మా నాయన చంద్రప్ప మా అత్త వాటా భూమి మింగేసినాడు. మా అత్త మా గడప ముందర నిలబడి, దోసిట్లో మన్ను తీసి, శపిస్తూ పోసింది. నేను చిన్నపిల్లను, అరుగు పక్కన నిలబడి అంతా చూసినాను. ఆ రోజు ఆమె అన్న మాటలే ఈ పాట.' మాటలు నీకు గుర్తుండే ఉంటాయి.

నువ్వు కూర్చున్న చోట మన్ను
నువ్వు తిన్న కూట్లో మన్ను
నువ్వు అడిగిన నేల
నీ నోట్లో మన్ను

నా బతుకులో నేను విన్న మొదటి హార్డ్‌కోర్ పాట అదే. మార్చి ఆఖరుకు కాగితం అచ్చుకు పోతుంది. త్వరగా రాయి.

గొంతు బొంగురుపోయిన
నందూ


పెరియంపట్టి
17 ఫిబ్రవరి 2025

నందూకు,

పొయ్యి మీదది దించమన్నావు, దించినాను. నీ జాబు ముగిసేలోపు సంకటి ఆరి గట్టిపడిపోయింది. నీ అక్షరాలు ఇంకా కుక్క కాళ్ళే. 'ఱ' వేయడం మానేసినావు, పోనీ, ఇప్పుడు ఎవరూ వేయడం లేదంట.

నువ్వు పంపిన పాట విన్నాను. పక్క తోట మాదప్పన్ తన ఫోనులో పెట్టి వినిపించినాడు. గేటు సందులో తల ఇరుక్కున్న మేక ఇట్లే అరుస్తుంది. ఆయన మర్యాదస్తుడు కాబట్టి బాగుందన్నాడు. ఆయన కుక్క లేచి ఇంటికి పోయింది.

ఇప్పుడు తప్పులు. బస్సు పాటలో డ్రైవరును ఊరికే ఆడిపోసుకుంటున్నావు. ఆ బస్సు ఆ స్టాపుకు వచ్చేసరికే మెట్ల మీద జనం వేలాడుతుంటారు. ఆపితే ఎక్కడ ఎక్కుతారు? ఇంకొక బస్సు వేయని వాళ్ళ మీద అరువు. కోపం ఉంటే చాలదమ్మీ, అది ఎవరి మీద పోవాల్నో చూసుకోవాల. రెండో పాటలో తిరుపతి కథ రాసినావు గానీ, ఆ అంగడి ముందర నువ్వు వెక్కి వెక్కి ఏడ్చింది రాయలేదు. నేను పక్కనే ఉంటిని, నా కొంగు తడిసింది. అరిచిందంతా చెప్పి ఏడ్చింది దాచిపెడితే కథ సగమే కదా.

మన్ను పాట వద్దు. కాగితంలో వద్దు, పాడనూ వద్దు. ఎందుకని నన్ను అడగొద్దు. నా తోటకు నీళ్ళు మీ నాయన బోరు నుంచే వస్తాయని నీకు తెలుసు. వాడు గేటువాల్వు తిప్పితేనే నా తక్కాళికి తడి. ఇప్పుడు టమాటా చెట్లన్నీ పూత మీద ఉన్నాయి, ఎండలు అప్పుడే మొదలైనాయి. ఈ మాట చాలనుకుంటాను.

వేళకు తిను. ఆ అరుపుల తర్వాత మిరియాల పాలు తాగు.

మళ్ళీ సంకటి కెలుక్కోవాల్సిన
నీ అత్త ఇంద్రాణి


బెంగళూరు
4 మార్చి 2025

అత్తా,

నీ జాబు చదివినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ల్యాబులో సీసాల మీద పేర్లు తారుమారు చేసి తిట్లు తిన్నాను. రాద్దామని కూర్చుని మూడుసార్లు చించేసినాను.

బస్సు పాట మార్చినాను. నువ్వు చెప్పిందే సరి. ఏడుపు కూడా కాగితంలో చేర్చినాను, నీకోసం. మన్ను పాట మాత్రం తీయను.

నీకు కోపం రావచ్చు, అయినా చెప్తాను. ఎవరికీ భయపడకుండా మన వీధిలో నిలబడి అరిచిన ఆడదాన్ని నేను ఒక్కదాన్నే చూసినాను, అది నువ్వు. ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకునే నేను ఇంత దూరం వచ్చినాను. ఇప్పుడు నువ్వే, నీళ్ళు ఆగిపోతాయని, ఆ మాటలు నీవి కాదన్నట్టు నోరు మూసుకోమంటున్నావు. నాయన పెద్ద ఇంట్లో ఉంటాడు, నువ్వు తోటలో ఆ రేకుల ఇంట్లో ఉంటావు. ఆయన తిప్పితే నీకు నీళ్ళు, తిప్పకపోతే లేదు. ఇది అన్యాయం కాకపోతే ఇంకేంటి? దీని మీద అరవకపోతే నేను ఇంక దేని మీద అరవాలి?

మొన్న ఆదివారం ఇక్కడ ఒక పాత గోడౌనులో పాడినాం. పాటకు ముందు కథ చెప్పడం మా అలవాటు. ఆగబట్టలేక నాయన పేరు పెట్టే చెప్పినాను, తమిళంలోనూ తెలుగులోనూ. పెరియంపట్టి చంద్రప్ప అన్నాను. జనం ఊగిపోయినారు. పాట అయినాక సేలం వైపు పిల్ల ఒకతె నన్ను పట్టుకుని, తన చిన్నమ్మకు కూడా ఇట్లే జరిగిందని ఏడ్చింది. ఆ పాట ఇంక మన ఇంటిది మాత్రమే కాదు అత్తా.

ఎవరో వీడియో తీసినారు. చాలామంది చూస్తున్నారని ప్రభు చెప్పినాడు. ఊరిదాకా రాదులే. మన ఊళ్ళో ఇట్లాంటివి ఎవరు చూస్తారు?

నీ మీద కోపంగానే ఉన్నాను, అయినా మిరియాల పాలు తాగినాను.

నందూ


పెరియంపట్టి
14 మార్చి 2025

నందితకు,

ఊరిదాకా వచ్చింది. కారిమంగలంలో ఎరువుల అంగడి లోకనాథన్ చూసి, మీ నాయన మూట ఎత్తుకోను పోయినప్పుడు అందరి ముందర పెట్టి వినిపించినాడంట. మీ నాయన మూట అక్కడే వదిలేసి నేరుగా నా తోటకు వచ్చినాడు. నేను గట్టు మీద కలుపు తీస్తా ఉంటిని.

"అక్కా, ఆ పొద్దు మన్ను నా మీద పోస్తివా?" అన్నాడు.

"నీ మీద ఏమిటికి పోస్తాను రా? పిచ్చి పట్టిందా?" అంటిని.

"నా బిడ్డ అక్కడే నిలబడి చూసిందంట గదా. అది అబద్ధం చెప్తాదా?"

నేను ఇంకేమో చెప్పబోయేలోపు తిరిగి పోయినాడు. పోతా పోతా ఒక మాట అన్నాడు. "నంజ ఆ మరుసటేడే పాయ గదక్కా." అరవలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రం నుంచి పైపులో చుక్క రాలేదు.

నీకు ఏమీ తెలియదు నందూ. తెలియకుండానే ఊరంతా అరిచి వచ్చినావు. తప్పు నీది కాదు, నువ్వు పెరిగింది హాస్టళ్ళలో. ఇప్పుడైనా విను. మన ఇళ్ళల్లో పుట్టింటి ఆడబిడ్డ మన్ను పోస్తే అది తగులుతుందని నమ్ముతారు. అందుకే ఒక నేల కోసం ఆడబిడ్డ మన్ను పోస్తే ఆ నేలను ఎవరూ కొనరు, దాంట్లో కొట్టం కూడా వేయరు. కానీ తోడబుట్టినవాడి మీద మాత్రం పోయకూడదు. పోస్తే వాడికి తగలదు, వాడి పెండ్లానికీ బిడ్డలకూ తగులుతుంది. ఎంత మొండి ఆడదైనా ఆ పని చేయదు. ఆ తర్వాతి వానల్లోనే కదా మీ అమ్మ డెంగీ జ్వరంతో పోయింది. మీ నాయన ఇప్పుడు ఏమనుకుంటున్నాడో అర్థమయిందా? నేను నంజమ్మను చంపినాననుకుంటున్నాడు. నీ నోటితో విని అనుకుంటున్నాడు.

నా వాటా వాడు మింగింది ఎక్కడ? ఈ తోట వాడు ఇచ్చిందే. మీ మామ పోయి నేను తిరిగి వచ్చినప్పుడు, అడగకముందే కొలిచి రాళ్ళు పాతి ఇచ్చినాడు. పెద్ద ఇంట్లోనే ఉండమన్నాడు, రేకుల ఇల్లు నా మొండితనం.

మన్ను పోసింది మీ నాయన పక్కన అరుగు మీద కూర్చున్న బ్రోకరు మీద. బోరు ఉన్న చేను రాళ్ళు కోసే కంపెనీకి ఇప్పించమని మాట తీసుకోను వచ్చినాడు. మన్ను పడినాక లేచి పోయినాడు, మళ్ళీ రాలేదు. చేను నిలిచింది. అంతే కథ. ఇది కూడా కాగితంలో వేయొద్దు. ఇంక ఏమీ వేయొద్దు.

మాదప్పన్ తన బావి నుంచి పూటకింత ఇస్తున్నాడు. ఆయన బావిలో ఉన్నదే కొంచెం. పైసాళ్ళు వాడిపోతున్నాయి.

ఇంద్రాణి


బెంగళూరు
19 మార్చి 2025

అత్తా,

నీ జాబు ల్యాబు మెట్ల మీదే చదివినాను. నాకు నా మీదే అసహ్యంగా ఉంది. మా అమ్మను చంపిన మన్ను నీదేనని, నాకు తెలియకుండానే, నిన్ను జనం ముందర నిలబెట్టినానా?

వెంటనే నాయనకు ఫోను చేసినాను. నాలుగైదు సార్లకు తీసినాడు. "ఆ పొద్దు మీ అత్త నోట్లో నా పేరు వచ్చిందా?" అని అడిగినాడు. రాలేదు, ఎవరి పేరూ రాలేదు అన్నాను. అది నిజమే కదా. "మరి ఎవరిని చూస్తా పోసింది?" అన్నాడు. నాకు గుర్తున్నదే చెప్పినాను, "నీ వైపే చూసింది నాయనా" అని. ఫోను పెట్టేసినాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా తీయడం లేదు. మంచి చేద్దామని నోరు తెరిచి ఇంకా పాడు చేసినానని ఇప్పుడు అర్థమవుతోంది.

నువ్వే పోయి చెప్పొచ్చు కదా, బ్రోకరు మీద పోసినానని! ఎందుకు పోవు? చెట్లు ఎండిపోతున్నాయని రాస్తావు, నాలుగు అడుగులు వేసి తమ్ముడికి ఒక మాట చెప్పవు. నీ మొండితనం నాకు పిచ్చెక్కిస్తోంది.

ఇంకొక మాట. అడగకుండా ఉండలేను. ఆ రోజుల్లో నీకు ఇక్కడ తోట లేదు, నీళ్ళ అవసరమూ లేదు. పెన్నాగరంలో మామతో కాపురం ఉంటివి. నాయన తన చేను తాను అమ్ముకుంటే నీకేం పోయింది? బస్సెక్కి ఇంత దూరం వచ్చి మన్ను ఎందుకు పోసినావు? నువ్వు రాసిన దాంట్లో ఏదో ఒకటి లేదు. రక్తం సీసాలతో బతికేదాన్ని, ఏదైనా తక్కువైతే నాకు తెలిసిపోతుంది.

కాగితం ఆపి పెట్టినాను. ప్రెస్సు ఆయన గొడవ చేస్తున్నాడు, చేయనీ. ఈ నెల ఆఖరి శనివారం హోసూరులో మధ్యాహ్నం పాడాలి. మన్ను పాట తీసేద్దామంటే, జనం వచ్చేదే దానికోసమని ప్రభు అంటున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు. నిజం రాయి. నువ్వు రాసేదాకా నాకు నిద్ర రాదు.

నందూ


పెరియంపట్టి
24 మార్చి 2025

నా తల్లీ,

పైసాళ్ళు పోయినాయి. కింది సాళ్ళు మాదప్పన్ పుణ్యాన ఇంకా పచ్చగానే ఉన్నాయి. కాయ దిగింది, గోలీకాయంత. ఇంకొక వారం తడి లేకపోతే అవీ పోతాయి. అందరూ చెప్తున్నారు, తమ్ముడి కాళ్ళ మీద పడమని. పోను. ఎందుకు పోనో నీకు చెప్తాను. చెప్పకపోతే నువ్వు ఇంకేదైనా ఊహించుకుని దాన్ని కూడా పాట చేసేస్తావు.

ఆ మన్ను మీ అమ్మది.

నంజమ్మే నన్ను పెన్నాగరం నుంచి పిలిపించింది. కబురు పంపితే ఎవరికి బాగలేదో అని పరుగెత్తి వచ్చినాను. నన్ను పశువుల కొట్టంలోకి తీసుకుపోయింది. పొద్దున్నే గుంత తవ్వి మన్ను జల్లించి, రాళ్ళు ఏరి, కొంగులో మూట కట్టి పెట్టుకుని ఉండింది. "వదినా, ఆయన చేను ఇచ్చేస్తాడు. ఎన్నో తూర్లు చెప్తిని, వినేదే లేదు. నేను పోస్తే బయటినుంచి వచ్చినదాన్ని, ఎవరు లెక్కపెడతారు? నువ్వు ఈ ఇంటి బిడ్డవి. నువ్వు పోస్తే ఆ నేలను ఎవరూ తాకరు" అనింది. ఏమని పోయాల్నో కూడా ఆమే చెప్పింది. ఆ కొట్టంలో, ఆవు వింటుందేమో అన్నంత చిన్న గొంతుతో, నాలుగు మాటలు నా చెవిలో చెప్పింది. నాకు నోరు పెద్దది గానీ అంత బాగా తిట్టడం రాదు. నువ్వు పాడే ప్రతి మాట మీ అమ్మ కట్టిందే. నేను అరిచినాను, అంతే.

నేను మీ నాయన వైపు చూసినాననుకుంటివి కదా. మీ నాయనకూ ఆ బ్రోకరుకూ వెనక, తలుపు చాటున మీ అమ్మ నిలబడి ఉండింది. సరిగ్గా చెప్తున్నానా లేదా అని ఆమెనే చూస్తా పోసినాను. ఆమె పెదవులు నాతోపాటు కదులుతా ఉండినాయి.

ఎవరికీ చెప్పొద్దని ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది. మొగుడు పిలిచి కూర్చోబెట్టినవాడి మీద పెండ్లాం మన్ను పోయించిందంటే ఊళ్ళో మీ నాయన తలెత్తలేడని. సరేనన్నాను. ఆ మరుసటేడు ఆమె పోయింది.

ఇప్పుడు చెప్పు, నేను పోయి వాడితో ఏమని చెప్పాల? బ్రోకరు మీద అంటే నమ్మడు, నువ్వు చూసినానంటివి. నంజమ్మ పోయించిందని చెప్తే నమ్ముతాడు, నీళ్ళూ వస్తాయి. కానీ వాడి తల పనిచేసే తీరు నాకు తెలుసు. మొగుడు పక్కనే కూర్చుని ఉండగా మన్ను పోయించి, నంజమ్మ తన చావు తానే తవ్వి తెచ్చుకుందని అనుకుంటాడు. ఉన్నన్ని రోజులూ అదే తలుచుకుని కుమిలిపోతాడు. దాని బదులు నేను చంపినాననే అనుకోనీ. నాకు తిట్లు కొత్త కాదు. చెట్లు పోతే మళ్ళీ నాటుకుంటాను.

నీకు చెప్పినాను కాబట్టి నీ దగ్గరే ఉంచుకో. పాట పాడు, వద్దనను. కథ మాత్రం చెప్పొద్దు. నా మీద ఆన.

నీ అత్త


బెంగళూరు
31 మార్చి 2025

అత్తా,

ఆన తప్పినాను. ముందు ఇది చెప్పేస్తే తర్వాతది రాయడానికి చెయ్యి వస్తుంది. ఈ జాబు నీకు చేరేలోపే నీళ్ళు చేరి ఉంటాయి. శనివారం సాయంత్రం హోసూరు నుంచే నాయన మాదప్పన్‌కు ఫోను చేసి, గేటువాల్వు తిప్పమని చెప్పడం నేను నా చెవులతో విన్నాను. ఎవరు తిప్పినారో, ఎందుకు తిప్పినారో తెలియక నువ్వు కంగారు పడుతూ ఉంటావు. అందుకే ఆదివారం ఉగాది పచ్చడి కూడా తినకుండా రాయడానికి కూర్చున్నాను. ముగించేసరికి సోమవారం అయింది.

హోసూరులో పాడింది మూతపడిన పెళ్ళి హాలులో. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. రెండు పాటలు అయినాక చూస్తే, తలుపు పక్కన నాయన. తెల్ల చొక్కా, భుజాన తుండు, చేతిలో చెప్పులు. గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు విప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతున్నారు. వాళ్ళ మధ్య ఎవరికీ తగలకుండా ఒదిగి నిలబడినాడు. నన్ను ఎదురుగా నిలబెట్టి అడగాలని వచ్చినాడని చూడగానే అర్థమైంది. ఎక్కడ పాడతామో ఆ వీడియో కిందే వేసినాం కదా.

తర్వాతది మన్ను పాట. కథ చెప్పాల్సిన సమయం. ప్రభు నన్నే చూస్తున్నాడు. చెప్పకుండా పాడేద్దామని మైకు నోటి దగ్గరికి తెచ్చినాను. నాయన అట్లాగే చూస్తున్నాడు. నేను చెప్పకపోతే ఆయన నిన్ను అట్లాగే చూస్తాడు అత్తా, నువ్వు పోయేదాకా. ఇంకొకటి కూడా ఉంది. అమ్మ తన బతుకు మొత్తంలో ఒక్కటే అరిచింది, అదీ నీ గొంతుతో. దాన్ని నేను నా నోటితోనే దాచేస్తే నేను ఇన్నాళ్ళూ అరిచిందంతా ఎందుకు?

చెప్పేసినాను, తెలుగులో. "ఈ పాట మా అమ్మ కట్టింది. పెరియంపట్టి నంజమ్మ. మా చేను అమ్ముడుపోకుండా ఆపింది. మా అత్త అరిచింది, మా అమ్మ కట్టింది. నేను ఇన్ని రోజులు తప్పు చెప్పినాను" అన్నాను. జనానికి సగం అర్థం కాలేదు. అర్థం కావాల్సినాయన తలుపు పక్కన ఉన్నాడు. పాట మొదలు పెట్టినాం. ఎప్పుడు ముగిసిందో నాకు తెలియదు.

అయినాక బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. కొట్టం, కొంగులో మూట, తలుపు చాటు, అంతా చెప్పినాను. నువ్వు భయపడినట్టు తన చావు తానే తెచ్చుకుందని అంటాడేమో అని చూసినాను. ఆ మాట అనలేదు.

"ఆ చేను అమ్మొద్దని నాతోనే చెప్పుండొచ్చు గదా" అన్నాడు.

"చెప్పిందంట నాయనా. ఎన్నో తూర్లు చెప్పిందంట. నువ్వు వినలేదంట."

తుండుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తీసి మాదప్పన్‌తో మాట్లాడినాడు. "అక్కకు నేనే వచ్చి చెప్తాను, నువ్వేమీ అనొద్దు, ఊరికే తిప్పు" అన్నాడు. అందుకే నీకు ఎవరూ చెప్పి ఉండరు.

కాగితానికి మన్ను పాట కథ కొత్తగా రాసి ప్రెస్సుకు ఇచ్చేసినాను. 'మాటలు: నంజమ్మ. మొదట అరిచింది: ఇంద్రాణి' అని. నీకు కోపం వస్తే వచ్చి నన్ను కొట్టు.

ఇంకొకటి మిగిలింది. ఆయనను బస్సు ఎక్కించాలని లేచినాను. ఆయన లేవలేదు.

"నందూ, మీ అమ్మ అరిచుంటే గొంతు ఇట్లే ఉండునా?" అన్నాడు.

అమ్మ గొంతు నాకు గుర్తే లేదు అత్తా. ఆ మాటే చెప్పినాను.

"నేనూ ఎప్పుడూ వినింది లేదు," అన్నాడు. "ఇంకో తూరి అరువు."

జనం వెళ్ళిపోయినారు. ప్రభు డ్రమ్ములు విప్పి ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. మైకు లేదు, గిటారు లేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా, ఆయన ముందర నిలబడి ఒట్టి గొంతుతో మొదటి నుంచి చివరిదాకా అరిచినాను. ఆయన తల వంచుకుని, ఒక్క మాట పోకుండా విన్నాడు.

నంజమ్మ కూతురు
నందిత